కాలేజీ క్రీడల గోడ మీద ఎవరి పేరు ఎక్కాలి? ఒక రిటైర్డ్ పీడీ జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి లాస్ ఏంజిలిస్ వెళ్లినప్పుడు యూసీఎల్ఏలో (అక్కడి కాలిఫోర్నియా యూనివర్సిటీలో) అథ్లెటిక్స్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ల గౌరవ గోడ, చూశారు. ఆటగాళ్ల పక్కనే కోచ్‌ల పేర్లు కూడా ఉండడం మీకు కొత్తగా అనిపించింది. మీరు చదివిన డిగ్రీ కాలేజీకి 75 ఏళ్లు నిండుతున్నాయి, పూర్వ విద్యార్థుల సంఘం తరఫున అలాంటిదే ఒకటి పెట్టాలనుకుంటున్నారు. గెలుపు శాతం ఇంత ఉండాలి లాంటి అంకెల నిబంధనలు కొన్ని మీరే రాసి పంపారు. ఎవరిని, ఏ లెక్కన పెట్టాలి?

నేను కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో 29 ఏళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. రిటైరయ్యాక ఏటా నాలుగైదు నెలలు మా అబ్బాయి దగ్గర లాస్ ఏంజిలిస్‌లోనే ఉంటాను. మీరు ఒక పూట చూసిన ఆ గోడ ఉన్న జె.డి. మోర్గన్ సెంటర్ దగ్గరికి నేను వాకింగ్ పేరుతో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. మా ఆవిడ "మళ్లీ ఆ గోడ దగ్గరికేనా" అంటుంది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక తికమక తీర్చాలి. అమెరికాలో ఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లు రెండు రకాలు. ఒకటి దేశం మొత్తానికి ఉండేది. ఉదాహరణకి అట్లాంటాలో ఉన్న కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. రెండోది ఏ కాలేజీకి ఆ కాలేజీ పెట్టుకునేది. యూసీఎల్ఏది ఈ రెండో రకం. 1984లో 25 మందితో మొదలైంది. మీకు కావలసింది ఈ రెండోదే, కానీ మీరు ప్రశ్నలో రాసిన నిబంధనలు చూస్తే మొదటిదాని పద్ధతిలో ఉన్నాయి. అక్కడే జాగ్రత్త పడాలి.

జాతీయ స్థాయి గోడకి అంకెలు కావాలి, ఎందుకంటే లక్షల మంది ఆడతారు, ఎక్కడో గీత గీయాలి. అట్లాంటా గోడ ఎక్కాలంటే ఆటగాడు కాలేజీ రోజుల్లో ఆల్ అమెరికన్ (ఆ ఏటి దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల) మొదటి జట్టుకి ఎంపికై ఉండాలి, కాలేజీ ఆట ముగిసి పదేళ్లు దాటాలి. కోచ్ అయితే కనీసం 10 సీజన్లు, 100 మ్యాచ్‌లు, గెలుపు శాతం 60. వినడానికి బాగానే ఉంది. మైక్ లీచ్ అని ఒక కోచ్ ఉండేవాడు. టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్ జట్లకి పనిచేశాడు. ఆయన దాడి పద్ధతిని దేశంలో సగం జట్లు కాపీ కొట్టాయంటారు. 2022 డిసెంబరులో చనిపోయాడు. లెక్క చూస్తే 158 గెలుపులు, 107 ఓటములు. శాతం 59.6. ఓడిన 107లో ఒక్కటంటే ఒక్కటి గెలిచి ఉంటే 265కి 159, సరిగ్గా 60. ఒక్క మ్యాచ్ తేడాతో అంత పేరున్న మనిషి అర్హుల జాబితాలోకే రాలేకపోయాడు. చివరికి 2025లో నిబంధనే మార్చారు, 2027 నుంచి 59.5 చాలు అని. ఎవరి కోసం మార్చారో అందరికీ తెలుసు.

అంత పెద్ద సంస్థే తన గీతని తను చెరుపుకోవలసి వచ్చింది. మీ కాలేజీకి అసలు శాతాల గొడవే వద్దు. ఒక్క ప్రశ్న పెట్టుకోండి: ఈ మనిషి ఇక్కడ ఉన్న రోజుల్లో, ఈ గ్రౌండ్‌లో ఏం చేశాడు? తర్వాత ఏమయ్యాడన్నది రెండో ప్రశ్న. చాలా చోట్ల ఈ రెండూ తారుమారవుతాయి. ఎస్పీ అయినాయనో, ఎమ్మెల్యే అయినాయనో కాలేజీ రోజుల్లో రెండుసార్లు క్రికెట్ బ్యాట్ పట్టుకున్నందుకు క్రీడాకారుల గోడకెక్కుతాడు. ఇంటర్ యూనివర్సిటీకి మూడేళ్లు కబడ్డీ ఆడి, ఇప్పుడు ఆర్టీసీలో కండక్టర్‌గా ఉన్నవాడు ఎవరికీ గుర్తుండడు.

యూసీఎల్ఏ గోడ మీద జాకీ రాబిన్సన్ పేరు చూసే ఉంటారు. 1947లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లవాళ్లకి అడ్డుగా ఉన్న గోడని బద్దలుకొట్టిన మనిషి. ఆయన్ని అక్కడ పెట్టింది బేస్‌బాల్‌కే అనుకుంటాం కదా. నిజానికి యూసీఎల్ఏలో ఆయన ఆడిన ఆటలన్నిటిలో అధ్వాన్నంగా ఆడింది బేస్‌బాలే. 1940లో ఆడిన ఒకే సీజన్‌లో బ్యాటింగ్ సగటు .097. పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే ఒక్కసారి కూడా సరిగా తగలలేదన్నమాట. కానీ అదే ఏడు లాంగ్‌జంప్‌లో 24 అడుగుల 10¼ అంగుళాలు దూకి జాతీయ కాలేజీ ఛాంపియన్ అయ్యాడు. బాస్కెట్‌బాల్‌లో రెండేళ్లు తన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) దక్షిణ విభాగంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేశాడు. ఫుట్‌బాల్‌లో బంతి అందితే ఆపడం కష్టం. యూసీఎల్ఏలో నాలుగు ఆటల్లో ఆడి గుర్తింపు పొందిన మొదటి విద్యార్థి ఆయనే. తర్వాత ప్రపంచానికి తెలిసిన రాబిన్సన్ లేకపోయినా, ఈ రాబిన్సన్ ఒక్కడు చాలు ఆ గోడకి.

ఇంకో తమాషా. 2014లో యూసీఎల్ఏ అన్ని ఆటల్లోనూ 42 నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమని ప్రకటించింది, ఆయన గౌరవార్థం. కానీ యూసీఎల్ఏలో ఆయన 42 వేసుకుని ఆడలేదు. ఫుట్‌బాల్‌లో 28, బాస్కెట్‌బాల్‌లో 18. 42 అనేది తర్వాత బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టులో వచ్చింది. అంటే అంత పెద్ద యూనివర్సిటీ కూడా "ఇక్కడ చేసింది", "తర్వాత అయినది" ఈ రెంటి మధ్య కాస్త తడబడింది. నేను తప్పు పట్టను. ఆ నంబర్ అంత బలమైనది.

ఇక కోచ్‌ల సంగతి. నిజం చెప్పాలంటే ఈ జవాబు రాయడానికి కూర్చుందే ఇందుకు.

ఎల్విన్ డ్రేక్ అని యూసీఎల్ఏ అథ్లెటిక్స్ కోచ్. అందరూ 'డకీ' డ్రేక్ అనేవాళ్లు. క్యాంపస్‌లో ట్రాక్ ఉన్న స్టేడియానికి ఆయన పేరే. 1960 సెప్టెంబరు, రోమ్ ఒలింపిక్స్, డెకథ్లాన్. రెండు రోజుల్లో పది ఈవెంట్లు. తొమ్మిది ముగిసేసరికి అమెరికాకి చెందిన రేఫర్ జాన్సన్ ముందున్నాడు, తైవాన్‌కి చెందిన సి.కె. యాంగ్ వెన్నంటే ఉన్నాడు. ఇద్దరూ యూసీఎల్ఏ పిల్లలే. ఒకే ట్రాక్ మీద, డ్రేక్ దగ్గరే సాధన చేశారు, మంచి స్నేహితులు. మిగిలింది 1500 మీటర్లు. అది యాంగ్ బలం. రేఫర్‌ని సుమారు 10 సెకన్ల తేడాతో వెనక్కి నెడితే బంగారం యాంగ్‌ది.

ఇద్దరూ సలహా కోసం వెళ్లింది ఒకే మనిషి దగ్గరికి. డ్రేక్ యాంగ్‌తో అన్నాడు, నీ వేగాన్ని రేఫర్ అందుకోలేడు, ఎంత దూరం లాగగలిగితే అంత దూరం లాగు అని. రేఫర్‌తో అన్నాడు, యాంగ్‌ని అంటిపెట్టుకుని ఉండు, చివర్లో అతను వేగం పెంచుతాడు, దానికి సిద్ధంగా ఉండు అని. రెండూ నిజమైన సలహాలే. ఇద్దరిలో ఎవరికీ తక్కువ చేయలేదు. రేఫర్ నీడలా వెంట పరిగెత్తి, తన జీవితంలో అంతకుముందెన్నడూ లేని టైమింగ్‌తో, యాంగ్ వెనక 1.2 సెకన్లలో గీత దాటాడు. 8,392 పాయింట్లు, 8,334 పాయింట్లు. తేడా 58. పది ఈవెంట్లలో ఏడింట యాంగే ముందున్నాడు. షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్, ఈ మూడు విసురుళ్లలోనే రేఫర్ బంగారం సంపాదించుకున్నాడు. గీత దాటాక రేఫర్ తల వాల్చింది యాంగ్ భుజం మీద.

ఈ కథ నాకు ఎందుకింత ఇష్టమంటే, మా ఇంటర్ కాలేజియేట్ మీట్‌లో ఒకసారి 800 మీటర్ల ఫైనల్‌కి మా కుర్రాళ్లిద్దరు వచ్చారు. ఒకడు హాస్టల్లో ఉండేవాడు, రోజూ నా కళ్లముందు తిరిగేవాడు. ఇంకొకడు పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ముందు రోజు రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే హాస్టల్ కుర్రాడికి మాత్రం పేస్ ఎలా పట్టాలో చెప్పి, రెండోవాడితో "బాగా పరిగెత్తరా" అని ఊరుకున్నాను. వాడు నా ముఖం కేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. డ్రేక్ గురించి చదివింది ఆ తర్వాత పదేళ్లకి.

యూసీఎల్ఏ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ పేరు మీరు విన్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు, అందులో ఏడు వరసగా, మధ్యలో 88 మ్యాచ్‌ల విజయ పరంపర. మనవాళ్లు ఇవే చెప్పుకుంటారు. నేను వేరే లెక్క చెబుతాను. ఆయన యూసీఎల్ఏకి వచ్చింది 1948లో. మొదటి టైటిల్ 1964లో. మధ్యలో పదిహేను సీజన్లు ఒక్క జాతీయ టైటిల్ కూడా లేకుండా గడిచాయి. ఈ రోజుల్లో అయితే మూడో ఏడే ఇంటికి పంపేసేవాళ్లు. అంతకుముందు ఆయన హైస్కూల్లో ఇంగ్లిష్ పంతులు. కొత్తగా వచ్చిన ఆటగాళ్లకి మొదటి రోజు నేర్పేది మేజోళ్లు ఎలా తొడుక్కోవాలి, బూటు లేసులు ఎలా బిగించాలి అన్నది. మడత పడితే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ఆడలేవు. అంతే. అమెరికా అంతటా పేరు మోసిన కుర్రాళ్లు నేల మీద కూర్చుని మేజోళ్లు సర్దుకునేవాళ్లు. 2003లో అక్కడి బాస్కెట్‌బాల్ కోర్టుకి ఆయన పేరు పెట్టారు. భార్య నెల్ పేరు ముందు, తన పేరు తర్వాత ఉండాలని ఆయనే అడిగాడు. ఇప్పటికీ అది 'నెల్ అండ్ జాన్ వుడెన్ కోర్ట్'.

వాలీబాల్ కోచ్ ఆల్ స్కేట్స్ సంగతి మన పీఈటీలందరికీ చెప్పాలి. 1963 నుంచి 2012 దాకా యూసీఎల్ఏ పురుషుల జట్టుకి కోచ్. 19 జాతీయ టైటిళ్లు. అందులో చాలా ఏళ్లు పగలు బెవర్లీ హిల్స్‌లో చిన్నపిల్లల బడి టీచరు, సాయంత్రం కోచ్.

మనకీ అలాంటి మనిషి ఉన్నాడు. ఉస్మానియాలో చదువుకుని, హైదరాబాద్ బడుల్లో పంతులుగా పనిచేసిన ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాలే) కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించాడు. భారత జట్టుకి 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాకి వెళ్లేటప్పటికే క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. ఇప్పుడు ఎన్ని కాలేజీల్లో కుర్రాళ్లకి ఆయన పేరు తెలుసో మీరే ఒకసారి అడిగి చూడండి.

మీ గోడ మీద కోచ్‌లు ఎందుకుండాలో దీంతో చెప్పినట్టే. కాలేజీలో కుర్రాడు మూడేళ్లు ఉంటాడు, పీడీ ముప్పై ఏళ్లు. టీఏ డీఏ రాకపోతే జేబులోంచి బస్సు చార్జీలు పెట్టినవాడు, సున్నంతో ట్రాక్ గీయించినవాడు, అమ్మాయిని మీట్‌కి పంపమని వాళ్ల నాన్నని ఒప్పించడానికి ఊరెళ్లినవాడు, వీళ్ల గెలుపు శాతం ఏమని లెక్కేస్తారు? కోచ్‌ని ఎంపిక చేసేటప్పుడు ట్రోఫీలు చివర చూడండి. వాళ్ల దగ్గర ఆడిన పదిమందిని పిలిచి, ఒక్కొక్కరితో అరపేజీ రాయించండి. సగం పని అయిపోతుంది. గ్రౌండ్ మార్కర్ పేరు కూడా ఒకటి ఉంటే నా ఓటు దానికే.

అమ్మాయిల విషయంలో ఇంకో చిక్కు ఉంది, కమిటీలు దీన్ని గమనించవు. ఆన్ మేయర్స్ అని యూసీఎల్ఏ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి. కాలేజీల్లో ఆడవాళ్లపై వివక్ష కూడదని అమెరికాలో 1972లో 'టైటిల్ నైన్' చట్టం వచ్చింది. రెండేళ్లకి, 1974లో, ఆమె యూసీఎల్ఏలో నాలుగేళ్ల పూర్తి క్రీడా స్కాలర్‌షిప్‌తో చేరింది. అలా పొందిన మొదటి మహిళ ఆమే. 1978లో ఆమె జట్టు జాతీయ ఛాంపియన్. కానీ ఆ టైటిల్ అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ జాబితాలో కనపడదు. అప్పటికి ఎన్‌సీఏఏ అసలు ఆడవాళ్లకి పోటీలే పెట్టలేదు. 1981-82లో మొదలుపెట్టింది. అంతవరకు ఆడవాళ్ల పోటీలు వేరే సంఘం నడిపేది. 'ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచి ఉండాలి' అని ఎవరైనా అమాయకంగా రూలు రాస్తే ఆమె బయటే ఉండిపోతుంది.

మన దగ్గర కూడా ఇలాంటిదే జరిగింది, మొన్న మొన్న. 2020 జనవరిలో మూడబిద్రిలో అఖిల భారత ఇంటర్ యూనివర్సిటీ అథ్లెటిక్స్. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా రికార్డుగా ఎక్కలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ ప్రతినిధి లేడు. రెండేళ్ల తర్వాత, 2022లో సైప్రస్‌లో 13.23 పరిగెత్తాక గాని జాతీయ రికార్డు ఆమె పేరు మీదికి రాలేదు. ఫెడరేషన్‌కి దాని నియమాలు దానికుంటాయి, సరే. కానీ ఒక యూనివర్సిటీ గోడ మీద ఆ 13.03 రాసుకోవడానికి అడ్డేముంది? 'అధికారికంగా గుర్తించలేదు' అని కింద చిన్న అక్షరాల్లో రాస్తే చాలు. అందుకే మీ నిబంధనల్లో ఎక్కడా 'ఫలానా సంస్థ గుర్తించిన' అన్న మాట ఒంటరిగా వాడకండి.

మీ అమ్మాయి యూనివర్సిటీ పుణ్యమా అని ఇంకో మాట. అమెరికా కాలేజీ జట్లలో మన తెలుగు పిల్లలు ఆడరనుకోకండి. ఉయ్యూరులో పుట్టి విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడాడు. తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం. టెన్నిస్‌లో అది తెలివైన దారి, చదువూ పోదు, ఆటా పోదు.

ఇప్పుడు అసలు కష్టం, రికార్డులు. యూసీఎల్ఏ దగ్గర 1940 నాటి లాంగ్‌జంప్ అంగుళంలో నాలుగో వంతుతో సహా ఉంది. మేం కొత్త బ్లాక్‌లోకి మారినప్పుడు పాత స్టోర్‌రూమ్ ఖాళీ చేయమన్నారు. నేను మీట్‌కని పిల్లల్ని తీసుకుని వారం రోజులు వేరే ఊళ్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి షీల్డులు, కప్పులు తూకానికి పోయాయి, వాటితోపాటే 1960ల నుంచి ఉన్న స్పోర్ట్స్ రిజిస్టర్లు కూడా. పాత ఇనుము, పాత కాగితం. ఎవరినీ నిందించి లాభం లేదు, తాళం చెవి నేనే ఇచ్చి వెళ్లాను.

కాబట్టి గోడకి గ్రానైట్ బేరం చేసే ముందు కాగితాలు పోగుచేయండి. కాలేజీలో లేకపోయినా ఇళ్లలో ఉంటాయి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం ఇంటర్ యూనివర్సిటీ వాళ్లంతా ఫారం-3 తీసుకునేవాళ్లు. అది ఇల్లు మారినా పారేయరు, పెళ్లి శుభలేఖకన్నా భద్రంగా ఉంటుంది. బ్లేజర్ ఉంటే జేబు మీద ఏడాది ఉంటుంది. కాలేజీ మ్యాగజైన్ పాత సంచికల్లో గ్రూప్ ఫోటోలుంటాయి, పేర్లు ఎడమ నుంచి కుడికి. యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డులో సెలక్షన్ లిస్టులు అడగండి. బాల్ బాడ్మింటన్, వెయిట్‌లిఫ్టింగ్ వాళ్లని మరచిపోవద్దు. టీవీలో రాని ఆటలు కాబట్టి జ్ఞాపకంలోంచి కూడా ముందు జారేది అవే.

కమిటీ ఐదుగురు చాలు. ఒక పాత పీడీ, ఇద్దరు ఆటగాళ్లు (ఒకరు తప్పకుండా మహిళ), ఒక లెక్చరర్, ఆటలతో సంబంధం లేని ఒక మనిషి. చదువు ముగిసి కనీసం పదేళ్లయినవాళ్లనే చూడండి. మొదటి ఏడు ఉత్సాహంలో నలభై మందిని ఎక్కిస్తారు, రెండో ఏడు ఎవరూ మిగలరు. పదికి మించకండి. డబ్బిచ్చినవాళ్ల పేర్లకి వేరే బోర్డు పెట్టండి, అదీ వేరే గోడ మీద. మనవాళ్లు సీలింగ్ ఫ్యాన్ రెక్క మీద కూడా దాత పేరు రాయించుకుంటారు. ఆ ఫ్యాన్ గాలి ఈ గోడకి తగలకూడదు.

ఒకసారి ఎక్కించిన పేరు తీసేయాలా అన్న ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుంది. ఓ.జె. సింప్సన్ అనే పేరున్న ఫుట్‌బాల్ ఆటగాణ్ణి కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది 1983లో. తర్వాత హత్య కేసు, అందులో నిర్దోషి అని తీర్పు, 2008లో దోపిడీ కేసులో శిక్ష. పేరు మాత్రం తీయలేదు. నాకైతే అది తప్పనిపించదు, పరిగెత్తింది పరిగెత్తినట్టే. కానీ మా ఇంట్లో దీనిమీద ఏకాభిప్రాయం లేదు. మీరు ఏదనుకున్నా సరే, అవసరం రాకముందే మినిట్స్ బుక్‌లో రాసి పెట్టుకోండి. వచ్చాక రాస్తే అది మనిషిని చూసి రాసిన రూలవుతుంది.

మా జిల్లా ఇంటర్ కాలేజియేట్ మీట్ల రిజల్ట్ షీట్లు 1988 నుంచి 2004 దాకా నా దగ్గర జిరాక్సులున్నాయి. రిజిస్టర్లు పోయాక బుద్ధొచ్చి దాచినవి. మీ కాలేజీ ఏ జిల్లానో రాయలేదు. మాదే అయితే చెప్పండి, సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పేజీలు ఫోటో తీసి పెడతాను. 1993 షీటు సగం చెదలు తినేసింది, అందులో ట్రిపుల్‌జంప్, రిలే తప్ప ఏమీ కనపడవు.